పార్కు మున్సిపాలిటీది, తాళంచెవి కాలనీది

మా కాలనీ పార్కు స్థలాన్ని ఎవరూ ఆక్రమించలేదు. అందులో ఎవరూ ఇల్లు కట్టలేదు, షెడ్డు వేయలేదు, గజం నేల కూడా అమ్ముకోలేదు. రికార్డుల్లో అది మొదటి నుంచీ మున్సిపాలిటీదే. అయినా రెండేళ్లకు పైగా ఆ స్థలం ఊళ్లో చాలామందికి లేకుండా పోయింది. కారణం ఒక చెయిన్‌లింక్ కంచె, దానికి ఒక గేటు, ఆ గేటుకి ఒక తాళం. ఆ తాళం తీయించడానికి తిరిగిన ఆఫీసుల గురించి, మాట్లాడిన మనుషుల గురించి రాస్తున్నాను. ఇలాంటి కంచెలు ఇప్పుడు మన గోదావరి జిల్లాల్లో ప్రతి టౌన్లోనూ లేస్తున్నాయి. ఎవరికైనా పనికొస్తుందని ఆశ.

ఊరి పేరు రాయడం లేదు. పశ్చిమ డెల్టాలో ఒక మున్సిపాలిటీ అనుకోండి. ఇందులో వచ్చే వాళ్లంతా నాకు రోజూ ఎదురుపడే మనుషులు. వాళ్లలో చెడ్డవాళ్లు ఎవరూ లేరు.

మా కాలనీ ఉన్న చోట ఒకప్పుడు వరిచేలు. 1980ల్లో లేఅవుట్ వేశారు. పడమర పక్కన పంటకాలువ, విజ్జేశ్వరం దగ్గర మొదలయ్యే పశ్చిమ డెల్టా కాలువల చివర్లలో ఒకటి. దాని గట్టు మీద రావిచెట్టు, చెట్టు కింద రేవు. చిన్న వంతెన దాటితే పేట. పేట అంటే దళితుల వాడ అని ఈ జిల్లాల్లో పుట్టినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. అక్కడ ఎక్కువమంది వ్యవసాయ కూలీలు, తాపీ పనివాళ్లు, రొయ్యల ప్లాంట్లలో పనికి వెళ్లే ఆడవాళ్లు. లేఅవుట్ రాకముందు నుంచీ ఊళ్లోంచి రేవు దాకా ఒక పుంత, అంటే పాత బండిదారి, ఉండేది. చేలు ప్లాట్లయ్యాక ఆ పుంతలో సగం కాలనీ రోడ్డులో కలిసింది, మిగతా సగం పార్కు స్థలం అంచున గడ్డిలో కలిసింది. జనం మాత్రం నడక మానలేదు. పిల్లలు బడికి, ఆడవాళ్లు రేషన్ షాపుకి, ముసలివాళ్లు ఆసుపత్రికి, అందరూ ఆ ఖాళీ స్థలంలోంచి ఏటవాలుగా నడిచి వచ్చేవాళ్లు. అక్కడ గడ్డి మొలవని కాలిదారి ఒకటి పడిపోయింది.

కంచె ఎందుకు వేశారో కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం అవుతుంది. సాయంత్రం అయితే ఆ స్థలంలో సీసాలు తెరిచేవాళ్లు. గాజు పెంకు గుచ్చుకుని మా వీధి పిల్లాడికి కాలికి కుట్లు పడ్డాయి. గేదెలు తిరిగేవి. పక్క వీధుల చెత్త అక్కడికే వచ్చేది. ఒక సంక్రాంతికి కోడిపందేల బరి కూడా వేశారు. మూడు రోజులు మైకులు, బళ్లు, గొడవలు. అప్పుడే కాలనీ అసోసియేషన్ వాళ్లు గట్టిగా అనుకుని, చందాలు వేసుకుని, మున్సిపాలిటీ చేత వాకింగ్ ట్రాక్ కూడా వేయించుకుని, చుట్టూ కంచె కట్టారు. కింద రెండు అడుగుల ఇటుక గోడ, దాని మీద మనిషెత్తు మెష్. కాలనీ రోడ్డు వైపు ఒకటే గేటు. పొద్దున్న మూడు గంటలు, సాయంత్రం రెండు గంటలు తెరుస్తారు. మిగతా సమయం తాళం. గేటు మీద బోర్డు: ‘కాలనీ వాసులకు మాత్రమే’.

పార్కు నిజంగానే శుభ్రపడింది. ఆ మాట దాచను. మొక్కలు బతికాయి, బెంచీలు విరగలేదు. కానీ కంచె అవతల ఏం జరిగిందో చూడాలి కదా. తాగేవాళ్లు తాగడం మానలేదు, వంద గజాలు జరిగి రేవు పక్కకి వెళ్లారు. అంటే బట్టలు ఉతుక్కునే ఆడవాళ్ల దగ్గరికి. క్రికెట్ ఆడే కుర్రాళ్లు గట్టు మీదకి వెళ్లారు, బంతి కాలువలో పడితే నీళ్లలోకి దిగడం మొదలైంది. బడి పిల్లలు మెయిన్ రోడ్డు చుట్టూ తిరిగి రావడం మొదలుపెట్టారు. ఆ రోడ్డు మీద చేపల లారీలు, ఇసుక టిప్పర్లు ఎలా వెళ్తాయో మనకి తెలుసు.

నన్ను కదిలించింది ఈ చివరి సంగతి. నేను ఒక ప్రైవేటు కాలేజీలో లెక్కలు చెబుతాను. సాయంత్రాలు పేట నుంచి కొందరు ఆడపిల్లలు లెక్కల కోసం మా ఇంటికి వచ్చేవాళ్లు. కంచె పడ్డాక మొదటి చలికాలంలోనే రావడం మానేశారు. ఒక పిల్ల తల్లి రేవు దగ్గర కనబడితే అడిగాను. “చీకట్లో మెయిన్ రోడ్డమ్మట పంపలేనండి. ఇటైతే పది నిమిషాల్లో వచ్చేసేది” అంది. అంతకు మించి ఫిర్యాదు కూడా చేయలేదు ఆవిడ.

మా అసోసియేషన్ ప్రెసిడెంటు గారు మా నాన్నగారి స్నేహితులు, నేను బాబాయి గారనే పిలుస్తాను. ముందు ఆయన దగ్గరికే వెళ్లాను.

“బాబాయి గారూ, కాలువ వైపు ఇంకో గేటు పెడితే ఏమవుతుందండీ?”

“మళ్లీ మొదటికొస్తుందమ్మా. సీసాలు ఏరుకున్న రోజులు నీకు గుర్తులేవా?”

“ఉన్నాయండి. కానీ పిల్లలు అంత చుట్టు తిరుగుతున్నారు.”

“మనం ఎవర్నీ ఆపట్లేదే. వచ్చి అడిగితే తాళం తీస్తాం కదా.”

ఆయన మనస్ఫూర్తిగానే అన్నారు. కానీ పన్నెండేళ్ల పిల్ల, పేట నుంచి వచ్చిన పిల్ల, డాబా ఇంటి గేటు కొట్టి “తాళంచెవి ఇవ్వండి” అని అడగదు. అడగాల్సి రావడమే అక్కడ కంచె. మెష్ ఎంత ఎత్తుందన్నది ఆ తరవాతి సంగతి. ఆ రోజు ఆయనతో అంత తిన్నగా అనలేకపోయాను కానీ, తరవాత అన్ని చోట్లా చెప్పింది ఇదే.

ఇక కాగితాల పని. వార్డు సచివాలయంలో ప్లానింగ్ సెక్రటరీ చిన్నవాడు, మర్యాదస్తుడు. నేను చెప్పిందంతా విని, “ఆక్రమణ ఎక్కడుంది మేడమ్?” అన్నాడు. ఆక్రమణ లేదు బాబూ, తాళం ఉంది అన్నాను. అతనికి ఎలా రాసుకోవాలో తెలియలేదు. ఫిర్యాదుల్లో రోడ్డు మీద మెట్లు కట్టారు, డ్రెయిన్ మీద షాపు పెట్టారు, ఖాళీ స్థలం కలిపేసుకున్నారు, ఇలా రకాలు ఉన్నాయి. స్థలం మున్సిపాలిటీ చేతిలోనే ఉంది, కానీ మనుషుల్ని రానివ్వడం లేదు అనే రకం లేదు. ఆ తరవాత నేను వెళ్లిన ప్రతి టేబుల్ దగ్గరా ఇదే ప్రశ్న ఎదురైంది. ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికంటే బాధ కలిగించింది అదే. నేల ఎవరి పేరున ఉందో చూసే కళ్లు మన ఆఫీసులకి చాలా ఉన్నాయి. దాని మీద ఎవరి కాలు పడుతోంది, ఎవరిది పడడం లేదు అని చూసేందుకు ఒక్క రిజిస్టరు కూడా లేదు.

సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాను. 10 రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటించి, నాలుగు సంగతులు అడిగాను. ఆమోదించిన లేఅవుట్ ప్లాను నకలు, పార్కు స్థలాన్ని మున్సిపాలిటీకి రాసిచ్చిన గిఫ్ట్ డీడ్ వివరాలు, కంచెకి అనుమతి ఇచ్చిన తీర్మానం లేదా ఉత్తర్వు, వేళలు పెట్టి తాళంచెవి అసోసియేషన్‌కి అప్పగించిన ఉత్తర్వు. ఎవరైనా ఇలాంటి పనికి దిగితే ఈ నాలుగూ విడివిడిగా అడగండి. ‘పార్కు గురించి పూర్తి సమాచారం’ అని అడిగితే పొడి మాట ఒకటి వస్తుంది. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి, రాలేదు. మొదటి అప్పీలు పెట్టాక వచ్చింది. ప్లాను ఇచ్చారు, గిఫ్ట్ డీడ్ నంబరు ఇచ్చారు. దాంతో సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ధ్రువీకరించిన నకలు తీసుకున్నాను. మూడో ప్రశ్నకీ, నాలుగో ప్రశ్నకీ ‘రికార్డులో లేదు’ అని రాశారు. నాకు కావలసిన జవాబు అదే. కంచెకీ, తాళానికీ, బోర్డుకీ ఎవరి అనుమతీ లేదు.

లేఅవుట్‌లో పదో వంతు ఖాళీ స్థలం వదలడం ఎందుకో ఒకసారి ఆలోచించండి. ఇప్పుడున్న 2017 నాటి లేఅవుట్ రూల్సు కూడా 10 శాతం వదిలి, ఖర్చు లేకుండా స్థానిక సంస్థకి రాసివ్వాలనే అంటాయి. రాసిచ్చాక అది ప్లాట్లు కొన్నవాళ్ల ఉమ్మడి పెరడు కాదు, ఊరిది. మా కాలనీలో చాలామంది “ప్లాటు రేటులో పార్కుకి కూడా డబ్బు కట్టాం” అనుకుంటున్నారు. ఆ నమ్మకం తాళం కంటే గట్టిది. గిఫ్ట్ డీడ్ నకలు చేతిలో పెట్టి చూపిస్తే గాని కదలలేదు. చూపించినా కొందరిలో ఇప్పటికీ కదల్లేదు.

సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చాను. రసీదు ఇచ్చారు, కింది ఆఫీసుకి పంపారు. కొన్ని వారాలకి ఫోనుకి మెసేజ్ వచ్చింది, అర్జీ పరిష్కరించబడింది అని. తెరిచి చూస్తే, స్థలం పురపాలక సంఘం ఆధీనంలోనే ఉన్నది, ఆక్రమణ ఏదియు లేదు అని ఉంది. ఒక్క ముక్క అబద్ధం లేదు అందులో. తాళం మాత్రం అలాగే ఉంది. అర్జీని మళ్లీ తెరిపించాను. ఈసారి సుప్రీంకోర్టు 1991లో ఇచ్చిన తీర్పు ఒకటి జత చేశాను. బెంగళూరులో ఒక లేఅవుట్‌లో పార్కుకి వదిలిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కి ఇస్తే, చెల్లదని కొట్టేసిన కేసు అది. ఖాళీ స్థలం కాలనీకి ఊపిరి అనే ధోరణిలో చాలా మంచి మాటలు ఉన్నాయి అందులో. ఒక అధికారి చదివి, “అక్కడ స్థలం చేతులు మారింది మేడమ్, ఇక్కడ మారలేదు కదా” అన్నారు. ఆయన చెప్పింది నిజమే. చట్టం కూడా చేతులు మారడాన్నే ముందు చూస్తుంది.

ఈలోగా పేట పెద్దలతో మాట్లాడాను. నిజానికి ఆ పని అన్నిటికంటే ముందు చేయాలి, వాళ్ల దారి గురించే కదా ఇదంతా. చర్చి అరుగు మీద కూర్చున్నాం. ఎస్సీ, ఎస్టీల మీద అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ సంగతి ఒక కుర్రాడికి తెలుసు. దళితుల్ని ఉమ్మడి దారిలో నడవనివ్వకపోయినా, స్నానాల రేవు వాడుకోనివ్వకపోయినా నేరమే. ఆ కుర్రాడు కేసు పెడదాం అన్నాడు. పెద్దాయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

“ఆ కాలనీలోనే మన ఆడోళ్లు పనికెళ్తన్నార్రా. మాకు కేసు వద్దమ్మా, దారి కావాలి” అన్నాడు.

ఆ చట్టం ఉన్నందుకు నాకు గౌరవం ఉంది. కేసు పెట్టాలో వద్దో తేల్చుకోవలసింది మాత్రం వాళ్లు, నేను కాదు. మదురై దగ్గర ఉత్తపురంలో దళితుల వాడకి అడ్డంగా 1989లో కట్టిన గోడలో కొంత భాగాన్ని 2008లో కూల్చి దారి ఇచ్చారు. పంతొమ్మిదేళ్లు పట్టింది. మా కంచె ఆ గోడ లాంటిది కాదు, ఫలానా వాళ్లు రాకూడదని మా కాలనీలో ఎవరూ అనుకుని కట్టలేదు. కానీ తాళం పడ్డాక బయట మిగిలింది ఎవరో చూస్తే ఆ తేడా నాకు పెద్ద ఓదార్పుగా అనిపించలేదు.

ఆ అరుగు మీద కూర్చున్నప్పుడే పెద్దాయన పుంత సంగతి ఎత్తాడు. “కంచె మూల ఉన్నది పుంతలోనేనమ్మా. మా నాయన బండి తోలిన దారి అది.” ఆ మాట పట్టుకుని పాత గ్రామ పటం, ఆ సర్వే నంబర్ల ఎఫ్‌ఎంబీ (సర్వే శాఖ వాళ్ల కొలతల పుస్తకం) నకళ్లు తీయించాను. ఆ పాత ఎఫ్‌ఎంబీలో కొలతలు లింకుల్లో ఉన్నాయి. 100 లింకులు అంటే 66 అడుగులు. పుంతకి విడిగా సర్వే నంబరు ఉంది, వెడల్పు 30 లింకులు, అంటే 20 అడుగులకి కాస్త తక్కువ. లేఅవుట్ ప్లాను మీద దాన్ని గీసి చూస్తే పార్కు దక్షిణపు అంచు వెంట కాలువ గట్టు దాకా పోతోంది. కొలిపించమని దరఖాస్తు పెట్టాను.

టౌన్ సర్వేయరు వచ్చిన రోజు కాలనీ వాళ్లు, పేట వాళ్లు ఇద్దరూ వచ్చారు. పాత సరిహద్దు రాయి కోసం చాలాసేపు వెతికారు. గట్టు పక్కన మట్టిలో కూరుకుపోయిన రాయి ఒకటి పారకి తగిలింది. అక్కడి నుంచి కొలిచారు. కంచె దక్షిణపు మూల, దాంతో పాటు కొంత పొడవు ఇటుక గోడ పుంత పోరంబోకులో ఉన్నట్టు తేలింది. అప్పటిదాకా ఎవరికీ అర్థం కాని నా అర్జీ ఒక్కసారిగా అందరికీ అర్థమైంది. దారి మీద కట్టడం అంటే ఆక్రమణ. దానికి ఫైలు ఉంది, నోటీసు ఉంది, గడువు ఉంది. నాకు తృప్తి కలగలేదు. మనుషుల్ని బయట ఉంచడం తప్పు అని ఎన్ని చోట్ల చెప్పినా కదలని కాగితం, ఇటుక గోడ 20 అడుగుల దారిలో పడిందనగానే కదిలింది. అయినా అందిన దాన్ని వాడుకోవాలి, వాడుకున్నాం.

పుంత తెరిస్తే పేట వాళ్లకి నడిచే దారి వస్తుంది. పార్కు మాత్రం తాళంలోనే ఉంటుంది. పిల్లలు కంచె పక్క నుంచి నడుస్తూ లోపలి ఉయ్యాలల్ని చూస్తూ వెళ్లాలి. అది నాకు ఇష్టం లేదు. ఇక్కడ ఆఫీసులతో పని కాదు, కాలనీతోనే మాట్లాడాలి.

మాట వినే వాతావరణం తెచ్చింది వాన. ఆ ఏడు అక్టోబరు చివర్లో వాయుగుండం పట్టి వదల్లేదు. డెల్టాలో నేల వాలు కంటికి కనబడదు, నీళ్లకి మాత్రమే తెలుస్తుంది. మా కాలనీ వాననీళ్లు ఎప్పుడూ ఆ ఖాళీ స్థలం మీదుగా వెనక బోదెలోకి, అక్కడి నుంచి మురుగు కోడులోకి పోయేవి. కంచె కింద కట్టిన రెండు అడుగుల గోడ వాటికి అడ్డం పడింది. పార్కు చెరువైంది, పార్కుకి ఎదురుగా ఉన్న వరస ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. బాబాయి గారి ఇంటి మెట్ల దాకా కూడా. కుర్రాళ్లు గునపాలు తెచ్చి గోడకి గండి కొడితే గాని తగ్గలేదు. ఆ కుర్రాళ్లలో సగం మంది పేట నుంచి వచ్చినవాళ్లే.

మనం గట్లు కట్టుకుని బతుకుతున్న నేల ఇది. గట్టు ఎవరిని కాపాడుతుందో, ఎవరిని నీళ్ల వైపు వదిలేస్తుందో 1986 ఆగస్టు వరద చూసినవాళ్లకీ, ఏటిగట్టుకి అటు పక్క లంకల్లో ఉండేవాళ్లకీ ఎవరూ చెప్పక్కర్లేదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికి పూర్తయింది. అప్పటి నుంచీ ఇక్కడ గట్టు పోసిన ప్రతిచోటా తూము కూడా పెట్టారు. ఎక్కడ ఆపాలి, ఎక్కడ వదలాలి అన్నవి రెండూ కలిపి ఆలోచించేవాళ్లు. మేము కంచెకి తూము పెట్టలేదు. మీటింగులో నేను చెప్పిన మాటల్లో అందరికీ ఎక్కింది ఇదొక్కటే.

తరవాత కార్తీకం ముగిసి పోలి పాడ్యమి వచ్చింది. తెల్లవారుజామున అరటి దొప్పల్లో దీపాలు వదలడానికి మా కాలనీ ఆడవాళ్లం అందరం రేవుకి వెళ్లాలి. కంచె రాకముందు పార్కు దాటితే రేవు. ఇప్పుడు పార్కు తాళం తీయించినా వెనక వైపు దారి లేదు. తడి జుట్లతో, దీపాలు చీరకొంగు చాటున పెట్టుకుని మెయిన్ రోడ్డు చుట్టూ నడిచాం. లారీలు హారన్ కొడుతూ వెళ్తుంటే ఎదురింటి పిన్ని గారు ఆగి, “ఏమే, ఆ పిల్లలు రోజూ ఇలాగే వస్తున్నారా?” అన్నారు. ఆవిడ బాబాయి గారి భార్య. అసోసియేషన్ మీటింగుకి అంతవరకూ ఆడవాళ్లు పెద్దగా వెళ్లేవారు కాదు. ఆ తరవాతి ఆదివారం హాల్లో కుర్చీలు సరిపోలేదు.

ఆ మీటింగు చాలాసేపు సాగింది. భయాలన్నీ బయటికి వచ్చాయి, వాటిని తీసిపారేయకూడదు. తాగుడు, గేదెలు, సంక్రాంతి బరి, బైకులు. ఒక్కొక్క భయానికి విడిగా ఏం చేయాలో మాట్లాడుకుంటే, ఏ ఒక్కదానికీ తాళం సరైన మందు కాదని తేలింది. బరి వేసేది ఏడాదికి మూడు రోజులు, అది పోలీసులకి చెప్పాల్సిన పని. బైకులకి దిమ్మెలు చాలు. తాగేవాళ్ల సంగతి మా వీధిలో పోస్టల్‌లో చేసి రిటైరైన ఒకావిడ చెప్పారు: “నలుగురూ నడిచే చోట ఎవడూ సీసా తెరవడు. సాయంత్రం ఏడు దాటాక లోపల ఒంటరిగా నడవాలంటే నాకే భయం. ఉన్నది ఒకటే గేటు. ఎవడైనా ఆ గేటు దగ్గర నిలబడితే నేనెటు పోవాలి?” కంచె భద్రత కోసం అనుకున్నవాళ్లెవరూ ఇలా ఆలోచించలేదు. చుట్టూ మూసేసిన చోట కాపాడే కళ్లు కూడా బయటే ఉండిపోతాయి.

చివరికి కంచె పూర్తిగా తీయలేదు. తీయించాలని నాకు ఉండేది, ఒప్పుకోలేదు. కుదిరింది ఇది: కాలనీ రోడ్డు వైపు మెష్ అలాగే ఉంటుంది, గేటుకి మాత్రం తాళం ఉండదు. పుంత వైపు మెష్, గోడ రెండూ పూర్తిగా తీసేయాలి, అది ఎలాగూ నోటీసులో ఉంది. కాలువ వైపు మెష్ నడుము ఎత్తుకి దించాలి, గట్టు మీద నడిచేవాళ్లకి లోపల, లోపలివాళ్లకి గట్టు కనబడేలా. అటు పక్క తలుపు లేని ద్వారాలు రెండు. ద్వారంలో దిమ్మెల మధ్య సందు ఎంత ఉండాలనేదాని మీద పెద్ద చర్చ జరిగింది. గేదెలు దూరకుండా అడుగున్నరే ఉంచుదాం అని ఒకాయన. పేటలో మూడు చక్రాల సైకిలు మీద తిరిగే ఒకాయన ఉన్నాడు, ఆయన కూడా ఆ రోజు వచ్చి గుమ్మం దగ్గర కూర్చున్నాడు. ఆయన సైకిలు వెడల్పు కొలిచి, దాని మీద ఇంకొంచెం వదిలి సందు ఖాయం చేశాం. గేదెలు కూడా అప్పుడప్పుడు దూరుతున్నాయి. తోలేస్తున్నాం. గోడకి వాననీళ్ల కోసం బొక్కలు పెట్టారు. బోర్డు తీసేశారు. దాని స్థానంలో మున్సిపాలిటీ పేరు, ఫిర్యాదుకి ఫోన్ నంబరు ఉన్న బోర్డు పెట్టమని కమిషనర్ గారికి రాసిచ్చాం, పెట్టారు. వార్డు కౌన్సిలర్ గారు పుంత వెంట ఎల్‌ఈడీ లైట్లు వేయించారు.

అన్నీ బాగున్నాయని చెప్పను. సీసాలు మళ్లీ కొన్ని కనబడుతున్నాయి, ముందున్నన్ని కాదు. ఇద్దరు ముగ్గురు వాకింగ్‌కి రావడం మానేశారు. “మన పార్కు పోయింది” అని నా ముందే అన్నవాళ్లు ఉన్నారు. చందాలు తగ్గాయి, మొక్కలకి నీళ్లు పోసే మనిషి జీతం ఎవరివ్వాలన్నది తేలలేదు. మున్సిపాలిటీ ఇవ్వాలని నా అభిప్రాయం, ఎందుకంటే స్థలం వాళ్లది. తాళం మాదని అన్నప్పుడు ఖర్చు కూడా మేమే పెట్టాం, అది వేరే లెక్క. పిల్లలు మాత్రం ఏటవాలుగానే నడుస్తున్నారు, వాకింగ్ ట్రాక్ చుట్టూ తిరగకుండా గడ్డి మీదుగా. బాబాయి గారు ఆ దారి పొడుగునా పలకరాళ్లు పరిపించారు. సొంత డబ్బుతో.

నా దగ్గర చదువుకునే ఆడపిల్లలు మళ్లీ వస్తున్నారు. ఈ ఏడు పదో తరగతి వాళ్లు.

ఇంకా ఒక పని మిగిలి ఉంది. పార్కు ద్వారం నుంచి గట్టు మీదికి ఎక్కడానికి మెట్లు, మూడు చక్రాల సైకిలుకి వాలుబాట కావాలి. గట్టు జలవనరుల శాఖది, మున్సిపాలిటీది కాదు. కంచెకి ఒక పక్క ఒక ఆఫీసు, రెండో పక్క ఇంకో ఆఫీసు. ఆ శాఖ అసిస్టెంట్ ఇంజినీరు గారు చూసి వెళ్లారు, గట్టు బలానికి ఇబ్బంది లేదన్నారు, అనుమతి కాగితం రావాలి. గట్టు మీద తాపీ పని చేయాలంటే వేసవిలో కాలువలు కట్టేసిన రోజుల్లోనే చేయాలి. నీళ్లు వదిలాక మళ్లీ వచ్చే ఏడాదే. అందుకే మార్చి నెలాఖరు లోపు కాగితం తెప్పించే పనిలో ఉన్నాం. ఈసారి అర్జీ మీద మా సంతకాల పక్కనే పేట వాళ్ల సంతకాలు కూడా ఉన్నాయి.